గాలి సెలవుకు గువ్వ ముస్తాబు

పద్దు 1

పడవ పుస్తకంలో ముందు పడవ పేరు రాయాలి. గువ్వ. తర్వాత పడవ మనిషి పేరు. నూకరత్నం. ఆ తర్వాత చేసిన పని. నాన్న బతికినంతకాలం ఈ పుస్తకంలో ఏటా రాశాడు, ఒక్క ఏడాది కూడా రెండు వరసలు దాటలేదు. "కీలు పూశాను. బాగుంది." అంతే. ఆయన నోరూ అంతే. నాకు ఆ పొదుపు అబ్బలేదు. పడవ పని చేసేటప్పుడు పక్కన మాట్లాడే మనిషి ఉండదు, అందుకని పుస్తకంతో మాట్లాడతాను. నా తర్వాత గువ్వను నీళ్ళలోకి దించేవాళ్ళు తిట్టుకుంటూ చదువుతారు, చదవనీ.

ఈ రోజు గువ్వను పాకలోంచి బయటికి తీశాను. పక్కింటి కూర్మారావు ఒక చెయ్యి వేశాడు. పోయినసారి పడవను పైకి లాగిన జాడ ఇసుకలో ఇంకా ఉంది. వానలకు కాస్త మొద్దుబారింది గానీ నా పాదం నాదేనని గుర్తుపట్టగలిగాను. ఆ అడుగుల్లోనే అడుగు వేసుకుంటూ దుంగల మీద దొర్లించి ఏటి గట్టుకు తెచ్చాం. మా తీరంలో అడుగులు చెరిపే గాలి లేదు. పొయ్యి మీద పొగ నిటారుగా లేచి ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడుతుంది. తాటిమట్టలు కదలవు. ఆరేసిన చీర రెండో రోజుకు గానీ ఆరదు.

ఎదురుగా సముద్రంలో గాలిమరలు తిరుగుతున్నాయి. తెల్లగా, ఒకదాని వెనక ఒకటి, చూసినంత మేర. వెనక కొండల మీద కూడా అవే. గాలి మా ఒడ్డుకు చేరకముందే వాటి రెక్కల్లో చిక్కి, కరెంటై ఎగువ పట్టణాలకు పోతుంది. మాకు కరెంటు ఊరికే ఇస్తారు. సముద్రం పక్కన కూర్చుని ఫ్యాను వేసుకునే భాగ్యం మాదే. ఏడాదికోసారి రెక్కలు కడగడానికి మరలన్నీ ఆపుతారు. ఆ కాసిన్ని రోజుల్నే గాలి సెలవు అంటాం. తెరచాప పడవలకు ఏడాది మొత్తంలో గాలి దొరికేది అప్పుడే.

మరలకు అవతల ఉప్పుదిబ్బ అని చిన్న దీవి ఉంది. నాకు ఈ పడవతో ఉన్న పనల్లా ఆ దీవే. మా అప్ప కాసులమ్మ అక్కడ ఉంటుంది. నా తోడబుట్టింది, నాకన్నా చాలా పెద్దది. అమ్మ పోయాక నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, చెంప పగలగొట్టింది, అన్నీ అప్పే. మరల కింద నీళ్ళలో తీగలున్నాయని మోటారు పడవల్ని అటు పోనివ్వరు. వాటి అడ్డుకు ఫోన్లు పలకవు. తెడ్లు వేసుకు పోదామంటే చేతులు పడిపోయేంత దూరం. అందుకే ఏడాదికోసారి, గాలి సెలవులో, నేను గువ్వ వేసుకుని వెళ్ళి అప్పను చూసి వస్తాను.

మిగతా రోజులకు అద్దం ఉంది. పొద్దున సూర్యుడు దిబ్బ వైపు నుంచి వస్తాడు కాబట్టి పొద్దున నా వంతు. అద్దాన్ని ఎండకు పట్టి అటు ఒక మెరుపు పంపిస్తాను. సాయంత్రం పొద్దు మా కొండల్లోకి దిగేటప్పుడు అప్ప వంతు. ఒక మెరుపంటే బాగున్నాను. రెండంటే బాగోలేదు. మూడంటే రా. ఆ మూడు మేమిద్దరం ఇంతవరకూ వాడలేదు. గాలి లేని రోజుల్లో రమ్మంటే అవతలి మనిషి ఒడ్డున కూర్చుని ఏడవడం తప్ప ఏం చేస్తుంది?

ఈ సాయంత్రం అప్ప మెరుపు వచ్చింది. ఒకటి. బాగుంది.

పద్దు 2

గువ్వ బాగా ఎండిపోయింది. బల్లకీ బల్లకీ మధ్య సందుల్లోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది. పోయిన ఏడు ఈ సందుల్లోంచే నీళ్ళు దూరి, దిబ్బ చేరేదాకా ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో చెంబు. ఈసారి ఆ గొడవ ఉండకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. కొబ్బరి పీచు పేని, తారులాంటి నల్లటి కీలులో ముంచి, ఉలితో సందుల్లోకి దిగ్గొడుతున్నాను. ఎండ ముదిరితే కీలు కారిపోతుంది కాబట్టి తెల్లవారగానే మొదలుపెడుతున్నాను.

సింహాద్రమ్మత్త గట్టు మీద ఉన్న తన ఉయ్యాల మీంచి చూస్తూ ఉంటుంది. అత్త నాన్నకు చెల్లెలు, ఇప్పుడు నాతోనే ఉంటుంది. ఆ ఉయ్యాల బల్ల టేకుది, అత్త పెళ్ళినాటిది. ఫ్యాను గాలి పడదు అత్తకు. పొద్దున లేచింది మొదలు ఊగుతూ తన గాలి తనే పుట్టించుకుంటుంది. ఊళ్ళో గాలి ఉన్న చోటు అదొక్కటే. చిన్నప్పుడు నేనూ అప్పా ఆ ఉయ్యాల ఎదురుగా నిలబడి, అది దగ్గరికి వచ్చినప్పుడల్లా ముఖం చాపి కళ్ళు మూసుకునేవాళ్ళం.

"ఒలే, ఏటే ఆ కూరడం?" అంది అత్త. "సంటిపిల్ల నోట్లో అన్నం కుక్కినట్టు కుక్కీతన్నావు. పడవకి ఊపిరాడొద్దేటి?"

"నీళ్ళు దూరకుండా కూరుతన్నాను అత్తా."

"మీ నాన్న ఇలాగ కూరీవోడు కాదే."

"మా నాన్న పడవలో చెంబు కూడా ఉండీదే" అన్నాను. అత్త నవ్వి ఊగింది. నేను ఇంకో పేట పీచు దిగ్గొట్టాను.

అద్దం చూపించలేదు ఇవాళ. రెండు చేతులకూ మణికట్టు దాకా కీలు. ఆ చేతుల్తో అద్దం ముట్టుకుంటే దాని సంగతి అంతే. పడవ పని రోజులని అప్పకు తెలుసులే. రేపు చూపిస్తే పోయింది.

పద్దు 3

ఎడమ పక్క సందులన్నీ అయిపోయాయి. కీలు వాసన అన్నంలో కూడా వస్తోంది. రాత్రి కలలో నేను ఇల్లంతా సందులు వెతికి పీచు కూరుతున్నాను, కిటికీలూ తలుపులూ అన్నీ.

అప్ప మెరుపు ఒకటి.

పద్దు 4

కుడి పక్క కూడా అయింది. సందు అనేది కనిపించకుండా కూరాను. గోటితో నొక్కి చూస్తే రాయిలా ఉంది. నాకు నేనే శెభాష్ చెప్పుకున్నాను, చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?

సాయంత్రం అప్ప మెరుపు రాలేదు. మబ్బు లేదు, ఎండ బాగానే కాసింది. పని తెమలలేదేమో. దిబ్బ మీద అప్పది పెద్ద పనే. అక్కడ మంచినీళ్ళు పుట్టవు. సముద్రపు నీళ్ళ మీద గాజు అద్దాల పందిరి వేసి, ఎండకు లేచిన ఆవిరిని చుక్క చుక్క పట్టాలి. ఆ అద్దాలకు ఉప్పు పొర కట్టకుండా తుడిచి చూసుకునే మనిషి అప్పే. ఉప్పు మడుల్లో పనిచేసే కుటుంబాలన్నీ ఆ చుక్కల మీదే బతుకుతాయి.

పద్దు 5

ఇవాళా మెరుపు లేదు. పొద్దు కొండ దిగిపోయేదాకా నిలబడ్డాను. మరలు తిరుగుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు.

పద్దు 6

పొద్దున్నే కిరసనాయిలుతో చేతులు తోముకుని, ఇన్నాళ్ళకు అద్దం పట్టాను. ఒకటి చూపించాను. ఆగి, మళ్ళీ ఒకటి. నువ్వెలా ఉన్నావు అని అడగడానికి మా అద్దంలో మాట లేదు. ఇన్నేళ్ళూ అది లోటని తోచలేదు.

సాయంత్రం మళ్ళీ ఏమీ లేదు.

చీకటి పడే వేళకు కూర్మారావు వచ్చాడు. మరల కంపెనీలో రెక్కలు కడిగే పని అతనిది. "రత్నమప్పా" అని పిలిచి గువ్వ పక్కన చతికిలబడ్డాడు.

"సెప్పు."

"గాలి సెలవు ముందుకి జరిపీసినారు. వచ్చే పున్నానికి కాదు, ఈ అమాస ఎల్లగానే. అదీ మూడు రోజులే."

"మూడు రోజులేటి?"

"కొత్త రెక్కలు వత్తన్నాయప్పా. వాటికవే కడుక్కుంటాయట. పై ఏడు మరలు ఆపుతారో నేదో మా మేస్త్రికే తెలీదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మీ పడవ అటేపు ఎల్లినప్పుడు దిబ్బ కనిపించినాదేటి?"

"దూరం నుంచి. పొగ లేస్తంది. ఎవుల పొయ్యో తెలీదు." అతను నా ముఖం చూడకుండా చెప్పాడు. "దిగుదామంటే మాకు ఒడ్డు తాకే ఆర్డరు నేదు. నీకు తెలుసు కదా."

భయం వేసింది. దాన్ని ఇంకో మాటతో కప్పిపెట్టి లాభం లేదు. అప్పకు ఏదైనా అయి ఉంటుంది. మంచంలో ఉందో, అద్దాల పందిరి మీంచి పడిందో. అద్దం కూడా ఎత్తలేని మనిషి రెండు మెరుపులు మాత్రం ఎలా చూపిస్తుంది? చేతికందే మూడు రోజుల్లో నేను అక్కడికి చేరాలి. చేరకపోతే ఇంకెప్పుడు చేరతానో చెప్పేవాళ్ళు లేరు.

పద్దు 7

గువ్వను ఏట్లో ముంచాను. కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ ఎండిన కర్ర పడవకు ఇదే మందు. లోపల రాళ్ళు వేసి, అంచుల దాకా నీళ్ళు నింపి, ఏటి అడుగున కూర్చోబెడతాం. బల్లలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి. సందులు వాటికవే మూసుకుంటాయి. నాన్న రాసిన వరసల్లో "నానబెట్టాను" అనే మాట ఏటా ఉంటుంది.

గట్టు మీద కూర్చుని చూస్తే నీళ్ళ అడుగున గువ్వ నిద్రపోతున్నట్టు ఉంది. చిన్న చేపలు పక్క చెక్కల మీదుగా లోపలికి పోయి, చూసి, బయటికి వస్తున్నాయి. దాని అంచు మీద నీటి వెలుగు కదులుతూ ఉంటే, అదే ఎక్కడికో పోతున్నట్టు అనిపించింది. చాలాసేపు అలాగే చూశాను. అప్ప అక్కడ మంచం మీద పడుకుని పైన అద్దాల్లోంచి చుక్కలు రాలడం చూస్తోందా అనుకున్నాను. సాయంత్రం మెరుపు కోసం నిలబడ్డాను. అలవాటు కదా.

పద్దు 8

రాళ్ళు తీసి, నీళ్ళు తోడి గువ్వను తేల్చాను. తేల్చుతూ ఉండగానే చూశాను. కుడి పక్క మూడో బల్ల లోపలి అడ్డకర్రను వదిలేసి బయటికి పొడుచుకొచ్చింది. మేకులు ఊడిపోయాయి. బల్ల నిలువునా పగిలింది.

బల్లలు ఉబ్బడానికి చోటు కావాలి. ఆ చోటంతా నేను పీచుతో బిగదట్టేశాను. ఉబ్బిన చెక్కలు పోయే దారి లేక ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. గాలి ఉన్న రోజుల్లో అయితే ఈ తప్పు ఎవరూ చేసేవారు కాదేమో. నీళ్ళలో ఏడాది పొడుగునా తిరిగే పడవను ఇంతలా ఎండనివ్వం, ఇంతలా భయపడి కూరం.

అత్త ఉయ్యాల ఆపింది. అది ఆగితేనే తెలుస్తుంది, అంతసేపూ కిర్రుమంటూ ఉందని.

"నాను ముందే సెప్పినానే అనను" అంది.

"అనీసినావు కదత్తా."

"ఆఁ, అనీసినాను. ఏడుపు సాలించు. టేకు చెక్క ఉందా?"

"ఎక్కడుంటాది? ఊరు మొత్తమ్మీద టేకు చెక్కంటే..." అని ఆగిపోయాను. అత్త కూర్చున్న బల్ల వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అత్త దిగింది. దిగి, ఉయ్యాల తాళ్ళు తనే విప్పడం మొదలుపెట్టింది. ముడులు బిగుసుకుపోయి రావడం లేదు. నేను పోయి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దత్తా. నీకు గాలి?"

"మూడు రోజులు ఊరంతా గాలే వత్తంటే నాకీ బల్లేటికే? ఊగి ఊగి యాసటొచ్చినాది. మీ అప్ప కాసులు పెళ్ళికి కూడా ఇదే బల్ల మీద కూకోబెట్టి పసుపు రాసినారు. దాని కోసం పోతే పోనీ." ముడి ఊడింది. "అలాగ నిలబడీకే. రంపం తే."

పద్దు 9

బల్లను గుర్తు ప్రకారం కోసి, చిత్రిక పట్టి, వేడినీళ్ళ గోనెలు కప్పి మెత్తబరిచాను. కూర్మారావు ఒక కొస పట్టాడు, నేను ఒక కొస, అడ్డకర్రల వంపుకు వంచి మేకులు కొట్టాం. పాత సందుల్లో పీచు సగానికి సగం పీకేశాను. ఈసారి సందులో గోరు దిగేంత చోటు వదిలాను. అత్త వచ్చి అన్నిచోట్లా తన గోరు పెట్టి చూసింది. "ఊఁ" అంది. ఆ ఊఁ కోసం రెండు రోజులు పట్టింది.

పాత నల్ల బల్లల మధ్య ఉయ్యాల బల్ల పసుపు రంగులో కనిపిస్తోంది. అత్త ఇప్పుడు గుమ్మంలో తాటాకు విసనకర్రతో కూర్చుంటోంది. నేను అటు చూస్తే, విసరడం ఆపి ఏదో ఆలోచిస్తున్నట్టు పెడుతోంది ముఖం.

అద్దం జాడ లేదు. దిబ్బ వైపు చూడటం మానేశాను. చూస్తే పని సాగడం లేదు.

పద్దు 10

తెరచాప విప్పి కుట్లు చూశాను. ఎలుకలు ఒక మూల కొరికాయి, నా పాత లంగా గుడ్డతో మాసిక వేశాను. తాళ్ళు మార్చాను. చుక్కాని మేకులకు నూనె పెట్టాను. మళ్ళీ ఒక పగలంతా నానబెట్టి చూస్తే గువ్వ లోపల చెమట పట్టినంత తడి, అంతే. నాన్న అయితే "బాగుంది" అని రాసేవాడు.

రేపు గాలి.

పద్దు 11

దీన్ని ఇంటికి వచ్చాక రాస్తున్నాను.

తెల్లవారుజామున మరలు ఒక్కొక్కటే ఆగాయి. ఆ ఘోష అణిగిపోతుంటే చెవుల్లో ఏదో బరువు దిగినట్టయింది. ముందు తాటిమట్టలు గలగలమన్నాయి. తర్వాత దండెం మీద అత్త చీర కొస లేచింది. ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చి ఊరికే నిలబడ్డారు, జుట్టు ఎగురుతుంటే సర్దుకోకుండా. గాలి సెలవు మొదటి పొద్దున మా ఊళ్ళో జుట్టు ముడి వేసుకోరు. అత్త గుమ్మంలో విసనకర్ర పారేసి కళ్ళు మూసుకుంది.

పొద్దున కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీచే నేలగాలి అది. తెరచాప ఎత్తాను. గుడ్డ ఒకసారి టపటపమని, పొట్ట నింపుకుని నిలిచింది. గువ్వ కదిలింది. కుడి పక్క ఉయ్యాల బల్లకు నా మడమ ఆనించుకుని కూర్చున్నాను. కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతోంది. దాని పని అది మరిచిపోలేదు.

ఆగిన మరల మధ్య నుంచి పోవడం ఎప్పుడూ కలలాగే ఉంటుంది. రెక్కలు ముడుచుకుని తెల్ల స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి నీడలు అలల మీద విరుగుతున్నాయి. ఒక మర మీద తాళ్ళకు వేలాడుతూ రెక్క కడుగుతున్న మనిషి చెయ్యి ఊపాడు. కూర్మారావో కాదో తెలియలేదు, నేనూ ఊపాను.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి నేలగాలి పడిపోయింది. మరల వరసలో సరిగ్గా మధ్య. తెరచాప వాలిపోయింది. నీళ్ళు నూనెలా నిలిచాయి. ఈ గాలి పోయి మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా లేస్తుందని నాకు తెలుసు. గాలిని కోసుకుంటూ అటూ ఇటూ తిప్పి సాయంత్రానికి దిబ్బ చేరవచ్చని లెక్క. కానీ ఆ నిలిచిన నీళ్ళ మీద కూర్చుంటే ఆ లెక్క మనసులో నిలవలేదు. అప్పను మంచం మీద చూశాను, ఒడ్డున పడి ఉండగా చూశాను, అసలు అక్కడ లేకుండా చూశాను. "ఉండు, ఉండు, వస్తన్నాను" అని పైకే అన్నాను. వినడానికి గువ్వ ఒక్కటే ఉంది.

సముద్రపు గాలి లేచింది. దానితో పాటే మరల అవతల ఒక తెరచాప కనిపించింది.

అతుకుల చాప. బియ్యం సంచులు కుట్టినట్టుంది. కింద బొద్దు పడవ, నీళ్ళలో వంకరగా నడుస్తోంది. గాలి వెనక నుంచి తోస్తుంటే నేరుగా నా మీదికే వస్తోంది. అందులో ఒక మనిషి లేచి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒలే రత్నం!" అని కేక. "బతికే ఉన్నావేటే?"

పడవలు దగ్గరయ్యాయి. అప్ప. చిక్కిపోయి, ఎండకు మాడిపోయి, నిలువెత్తు మనిషి.

"నాకేటయినాది?" అన్నాను. "నువ్వు కదా మెరుపు మానీసినావు!"

"నాను మానీసినానా? ముందు మానీసింది ఎవులే? పొద్దున్నే ఒడ్డున నిలబడి సూసి సూసి కళ్ళు కాయలు కాసీసినాయి. ఒక రోజు నేదు. రెండో రోజు నేదు. మూడో రోజూ నేదు. రత్నానికి ఏటో అయిపోనాదనుకున్నాను. మరల కంపెనీవోళ్ళు పడవలోంచి మైకులో మూడు రోజులే గాలని సెప్పీసి పోనారు. గుండె ఆగినంత పనైనాది. మీ బావ పోయినకాడి నుంచి మూల పడున్న పడవ తీసి బాగు సేయడం మొదలెట్టినాను."

"నాను మళ్ళీ సూపించినానప్పా. సాయంత్రాలు నువ్వే..."

"ఎలాగ సూత్తాను, ఎక్కడ సూపిత్తాను? పొద్దూ మాపూ తూరుపొడ్డున పడవ కింద దూరి ఉన్నాను కదే!" అంటూ అప్ప రెండు చేతులూ చాచింది.

మణికట్టు దాకా నల్లగా కీలు. నేను నా చేతులు చాచాను. అవీ అంతే. ఇద్దరం నాలుగు నల్ల చేతుల వైపు చూశాం. ముందు అప్ప నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పడవ అంచు పట్టుకుని ఏడ్చేసింది. నేను దాని పడవలోకి దూకబోయి నీళ్ళలో పడ్డాను. జుట్టు పట్టుకుని పైకి లాగి, తడి చెంప మీద ఒకటి కొట్టింది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది, మనిషి నిజంగా బాగుందని.

గువ్వకు అప్ప పడవను కట్టి, సముద్రపు గాలి మీద ఇద్దరం మా ఒడ్డుకు వచ్చేశాం.

పద్దు 12

అప్ప నిన్నంతా పడుకుంది. కిటికీ తెరిచి, గాలి ముఖం మీద ఆడుతుంటే, నోరు తెరుచుకుని. అత్త పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలింది. లేచాక ముగ్గురం చేపల పులుసు తిన్నాం. ఉయ్యాల బల్ల గురించి చెబితే అప్ప పోయి గువ్వలో దాని మీద చెంప ఆనించి చాలాసేపు ఉంది.

ఈ రోజు పొద్దున నేలగాలికి అప్ప బయలుదేరింది. గాలికి ఇదే చివరి పొద్దు. ఆపాను. ఆపకుండా ఎలా ఉంటాను?

"ఇక్కడే ఉండిపో అప్పా. పై ఏడు గాలి ఉంటాదో నేదో."

"నీళ్ళ అద్దాలు తుడవకపోతే ఉప్పు పట్టీసి సుక్క దిగదే. ఎదురింటి దానికి సెప్పి వచ్చినాను, దానికి సేతకాదు. అక్కడోళ్ళు ఏటి తాగుతారు?" అని, నా ముఖం చూసి మెత్తబడింది. "పోనీ నువ్వు నాతో వచ్చీ."

నేను వెనక్కి తిరిగి చూశాను. అత్త గుమ్మంలో కూర్చుని వినబడనట్టు కొండల వైపు చూస్తోంది. ఉయ్యాల తాళ్ళు ఖాళీగా వేలాడుతున్నాయి, గాలికి కదులుతూ.

"మరి?" అంది అప్ప. "సూసినావా. నీకూ కుదరదు, నాకూ కుదరదు." తెరచాప ఎత్తింది. సంచుల చాప గాలి తాగి నిండింది. ఒడ్డు వదిలాక కేకేసింది. "సేతులకి కీలుంటే మోసేతులతో పట్టుకోవే అద్దం! మానీకు!"

మరల మధ్యకు పోయి, ఒక చుక్కయి, కనిపించకుండా పోయేదాకా నిలబడ్డాను. పొద్దు కొండ దిగాక సైరను మోగింది. మరలు ఒక్కొక్కటే కదిలాయి. తాటిమట్టలు ఆగాయి. అత్త చీర కొస దండెం మీద వాలిపోయింది.

పద్దు 13

అప్ప మెరుపు వచ్చింది. పొద్దు కొండను తాకగానే వచ్చింది, ఆలస్యం చెయ్యలేదు.

ఒకటి. చేరిందన్నమాట. నా ఒంట్లో బరువంతా దిగిపోయి, ఇంటి వైపు తిరిగాను.

"ఆగు" అంది అత్త. రెండోది వచ్చింది. బాగోలేదనా?

తర్వాత మూడోది.

గాలి లేదని అప్పకు తెలుసు. మరలు తిరుగుతున్నాయని, పై ఏడు ఆగుతాయో లేదో తెలియదని దానికి నాకన్నా బాగా తెలుసు. అయినా రా అంది. ఇన్నేళ్ళూ పాపమని దాచుకున్న మాట చివరికి పంపించేసింది. నాకు దుఃఖమూ వచ్చింది, అంతకన్నా ఎక్కువ సంతోషమూ వచ్చింది.

గాలి సెలవు అయిపోయాక నాన్న ఏటా గువ్వను పాకలోకి లాగేవాడు. పాకలో పెడితే ఎండి నోళ్ళు తెరుస్తుంది. గాలి ఎప్పుడొస్తుందో తెలిసిన రోజుల్లో అది సరిపోయింది. ఇప్పుడు తెలియదు. అందుకని చీకటి పడకముందే రాళ్ళు వేసి గువ్వను ఏట్లోనే ముంచి పెట్టాను. అక్కడే తడిగా, సిద్ధంగా ఉంటుంది. ఎప్పుడు గాలి కదిలినా నీళ్ళు తోడుకుని బయలుదేరడమే.

"నా బల్ల కూడా ములిగిపోనాదేటి?" అంది అత్త.

"దానికీ నానాలి కదత్తా."

"నాననీ" అంది.

రేపు పొద్దున నా వంతు. మూడు చూపిస్తాను. చేతులకు కీలున్నా సరే.